తెనాలిలో నేను పడ్డ రోజు

మాది వేమూరు. కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్నుపూస దెబ్బతినడంతో నా నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలోంచి నలుగురిలో పడతానేమోనని ఏడాదిపాటు గుమ్మం దాటలేదు. చివరికి మా ఆవిడ పోరు పడలేక, నాలాంటివాళ్లు తెనాలిలో నడుపుకొంటున్న సంఘం సమావేశానికి వెళ్లాను.

అక్కడ టిఫిన్ దగ్గర గారె అందుకోబోయి, అందరి ముందూ దబ్బున కింద పడ్డాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా ఆవిడ కేకపెట్టి పరుగెత్తుకొచ్చింది.

"కంగారు పడకండి వదినా! ఇవాళ నేర్పేది అదేనండి. ఎవర్ని పడమందామా అని చూస్తున్నాం, అన్నయ్యగారే ముందుకొచ్చారు" అంది సంఘం అధ్యక్షురాలు.

ఆమెదీ చక్రాల కుర్చీయే. నాకు దెబ్బేమీ తగల్లేదని సమావేశానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాక, ఆమె తన కుర్చీలోంచి నేల మీదికి జారి నా పక్కన కూర్చుంది. చేతుల బలంతో మళ్లీ పైకెక్కి చూపించింది. నేను రెండుసార్లు జారిపోయి, మూడోసారి ఎక్కేశాను. ఒకటే చప్పట్లు!

ఆ రోజు పడకపోయి ఉంటే ఇంకా ఇంట్లోనే ఉండేవాణ్నేమో. ఇప్పుడు బాపట్ల, రేపల్లెల నుంచి కొత్తవాళ్లు వస్తే, పడి చూపించే పని నాకే అప్పగిస్తున్నారు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుంటుంది.