మందు లేని సూది

మా ఫిజియో మేడం పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటున్నాను. "అయ్యో" అన్నాను గానీ, ఆ వెంటనే లోపల ఇంకో మాట వినిపించింది. హమ్మయ్య, ఇక ఆ సంగతి తెలిసిన మనిషి లేరు. ఛీ, ఇదేం బుద్ధి! నా మనసు ముందుగా పలికింది ఇదా? మీతో చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. కానీ ఆమె గురించి రాయాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

నేను జావెలిన్ విసిరేవాణ్ణి. ఆరడుగుల మనిషిని, నోరూ పెద్దదే. లాలాగూడ గ్రౌండ్‌లో నన్ను పహిల్వాన్ అనేవాళ్లు. స్టేట్ మీట్ దగ్గరపడ్డాక కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవడమే గగనమైంది. స్పోర్ట్స్ కోటాలో రావాల్సిన రైల్వే ఉద్యోగమా, ఆ మీట్ మీదే ఆధారపడి ఉంది. కోచ్ నన్ను మేడం దగ్గరికి పంపాడు.

మారేడ్‌పల్లిలో ఆమె ఇంటి ముందు గదే క్లినిక్. గుంటూరు వైపు మనిషి, పొట్టిగా ఉండేవారు. చేతులు చల్లగా తగలకూడదని వేణ్ణీళ్లతో కడుక్కుని గానీ భుజం ముట్టుకునేవారు కాదు. వేలితో నొక్కుకుంటూ పోయి ఒకచోట ఆగారు.

"ఇదిగో, ఇక్కడ దాక్కుంది దొంగ. కండలో ముడి పడింది బాబూ. డ్రై నీడ్లింగ్ చేద్దాం. మందేమీ ఉండదు, ఉత్త సూదే. ముడిలో దింపితే కండ ఒక్కసారి ఎగిరిపడి వదులవుతుంది. సూదితోనే అయిపోదు, తర్వాత నేను చెప్పే ఎక్సర్‌సైజులు చెయ్యాలి."

సూది చూశాను. చిన్నప్పటి నుంచీ నాకు సూదంటే పై ప్రాణాలు పైనే పోతాయి.

"మేడం, జెర ఆగుండ్రి... నాకొద్దు మేడం" అంటూనే ఏడ్చేశాను. ఎట్లాగనుకున్నారు? వెక్కి వెక్కి. అమ్మా అని ఆమె కొంగు పట్టుకున్నాను.

ఆమె తలుపు వేసి, రేడియో గట్టిగా పెట్టారు. "ఏడువు నాయనా. నువ్వు ఏడుపు బిగబడితే కండ కూడా బిగుసుకుంటుంది. కండకి పరువూ లేదు, సిగ్గూ లేదు."

బయట మా గ్రౌండ్ వాళ్లు కూర్చున్నారు. సూది పని అయ్యాక నేను కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, "ఏం లేదురా, చీమ కుట్టినట్టుంటది" అన్నాను. మేడం నా వెనకే ఉన్నారు. "అవునవును" అన్నారు, నవ్వు ఆపుకుని.

అలా వారం వారం వెళ్లాను, వెళ్లినప్పుడల్లా ఏడ్చాను. ఓసారి తెలంగాణ బంద్. ఆటోలు లేవు, గండం తప్పిందనుకుని హాయిగా పడుకున్నాను. ఆమె సంచీ పట్టుకుని మా ఇంటికే నడిచొచ్చారు! "బంద్ బస్సులకి గానీ నీ భుజానికా?" అని, మా అమ్మను చాయ్ పెట్టమని వంటింట్లోకి పంపి, తలుపు వేశారు.

నొప్పి పోయింది, ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత బజారులో మేడం కనబడితే పక్కన ఎవరున్నారో చూసుకునేవాణ్ణి, ఎక్కడ ఆ ఏడుపు సంగతి అనేస్తారోనని. ఆమె అడిగేది ఒక్కటే, "భుజం ఎలా ఉంది బాబూ?" అని.

నిన్న అంత్యక్రియలకి వెళ్తే, చర్చి ఆవరణలో ఆమె చేతి మీద బాగుపడ్డ ఆటగాళ్లే సగంమంది. నేను జావెలిన్ వాణ్ణని ఎవరో చెప్తే, వాలీబాల్ ఆడే ఓ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, మీరేనా జావెలిన్ అన్న? సూదికి ఏడ్చేటాయన?"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"నేను భయపడి లేచి పోతుంటే మేడం ఆపి చెప్పిన్రు అన్నా. 'జావెలిన్ ఆడే అబ్బాయి ఒకడున్నాడు, ప్రతిసారీ ఏడుస్తాడు, ప్రతిసారీ వస్తాడు. అంత ధైర్యం నేనింకెవరిలో చూడలేదు' అన్నరు. పేరు మాత్రం చెప్పలే."

"నాకు సుత గదే చెప్పిన్రు" అన్నాడు పక్కనున్న బౌలర్.

ఇన్నేళ్లూ ఆమెను చూసి నక్కి నక్కి తిరిగిందేమో నేను. ఆమె నా గురించి చెప్పుకున్నది అట్లా. "అవునమ్మా, నేనే" అన్నాను చివరికి, తల ఎత్తకుండానే.

మేడం శవపెట్టె ఎత్తడానికి మనుషులు కావాలని పాస్టర్‌గారు పిలిచారు. వెళ్లి కుడి భుజం ఆనించాను. గేటు దాటి రోడ్డెక్కేసరికి ఏడుపు తన్నుకొచ్చింది, వెక్కి వెక్కి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. రోడ్డు మీద ఆగిన బస్సులో వాళ్లూ, మా గ్రౌండ్ వాళ్లూ, అందరూ చూస్తూనే ఉన్నారు.