నల్లపెట్టకి ఫోన్

మారేడ్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌కి మారేటప్పుడు మా కోళ్లన్నిటినీ మల్కాజ్‌గిరిలో పాత ఇంటి పక్కనుండే యాదమ్మకి ఇచ్చి వచ్చాను. పుంజూ, మిగతా పెట్టలూ పొద్దుగూకగానే బుద్ధిగా ఆమె గంప కిందికి వెళ్తున్నాయట. నల్లపెట్ట ఒక్కటే మొండికేస్తోంది. ఈ సాయంత్రం యాదమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, గిది మీ పాతింటి గోడెక్కి కూసున్నది. ఎంత పిలిచినా దిగుతలేదు. పిల్లి తిరుగుతున్నది, నాకు పరేషానైతున్నది. స్పీకర్ పెడ్తా, జెర నువ్వు పిలువు."

బాల్కనీలో నిలబడి, నూకలు చల్లేటప్పుడు పిలిచినట్టే "బో... బో... బో..." అని గట్టిగా పిలిచాను. ఎదురు ఫ్లాట్ ఆవిడ కిటికీ తెరిచి చూసింది. చూస్తే చూడనీ.

"దిగిందక్కా! ఫోన్ చుట్టే తిరుగుతున్నది, నీకోసం దేవులాడుతున్నది" అంది యాదమ్మ. ఆ వెంటనే గంప కమ్మిన చప్పుడు వినిపించింది. "నాలుగు రోజులైతే అలవాటైతది తీయ్."

కోడికి అవుతుందేమో. నాకింకా పొద్దుగూకితే కాళ్లు పెరటి తలుపు వెతుకుతున్నాయి. నా గొంతు నమ్మి గోడ దిగిన దాని మీద ఇంకొకరి గంప పడింది. రేపు మళ్లీ ఫోన్ వస్తే పిలవనా, మాననా? కోళ్లు పెంచినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, నవ్వకుండా.