వీపుగారి ముఖం

సినిమా ఫైటర్ల సంఘంలో ఆయన్ని అందరూ వీపుగారు అంటారు. ఎగతాళికి కాదు, గౌరవానికే. ఏళ్ళ తరబడి హీరోగారు మేడ మీంచి దూకినా, అద్దాలు బద్దలు కొట్టుకుని బయటపడ్డా, మండుతున్న కారులోంచి దొర్లినా, నిజానికి దూకిందీ, పడిందీ, దొర్లిందీ ఈ వీపే. ఆనక దుమ్ము దులుపుకుంటూ కెమెరావైపు తిరిగిన ముఖం మాత్రం హీరోగారిది. పని పంచుకోవడం అంత సక్రమంగా సాగిన ఉమ్మడి వ్యాపారం లోకంలో మరొకటి లేదు.

కొత్త కాపురం రోజుల్లో ఆయన భార్య సినిమా హాల్లో పక్కింటావిణ్ణి మోచేత్తో పొడిచి, "అదిగో, ఆ వీపు మావారిది" అనేది. "వీపులన్నీ ఒకేలా ఉంటాయి కదమ్మా" అనేది పక్కింటావిడ. ఆ మాటకు జవాబు ఇప్పటికీ దొరకలేదు.

హీరోగారు చాలాకాలం విశ్రాంతి తీసుకుని, ఇంట్లోవాళ్ళకు ఆ విశ్రాంతి భరించరానిదై కాబోలు, మళ్ళీ తెరమీదికొస్తున్నానని ప్రకటించారు. వీపుగారికీ కబురొచ్చింది. అప్పటికాయన మెట్లు దిగాలంటే గోడ సాయం కావాలి.

"ఇదే ఆఖరు. ఈ ఒక్క దూకుడూ తెరమీద నిలిస్తే చాలు, ఇక మంచం మీంచి కూడా దూకను" అని భార్యకు మాటిచ్చి వెళ్ళాడు.

అక్కడొచ్చింది చిక్కు. డూపుల ధర్మశాస్త్రంలో మొదటి సూత్రం ఒకటుంది: కాలు నేలకు తగిలేలోపే ముఖం కెమెరాకు చాటవ్వాలి. ఈ కొత్త దర్శకుడు దాన్ని తిరగరాశాడు.

"బాబాయ్, ఈసారి సూటిగా కెమెరాలోకి చూడండి. మీ ముఖం మీద కంప్యూటర్లో హీరోగారి ముఖం అతికించేస్తాం."

సరేనని వీపుగారు దూకాడు. ముఖం తిప్పేశాడు. మళ్ళీ దూకాడు. మళ్ళీ తిప్పేశాడు.

"ఇటు చూడండి బాబాయ్!"

"నేను చూద్దామనే అనుకుంటున్నానయ్యా, మెడ వినడం లేదు."

చివరికి ఓ దూకుడులో మోకాలు కలుక్కుమంది. ఆ బాధలో మెడ తన ధర్మం మరిచింది. వీపుగారు నోరు తెరిచి మరీ కెమెరాలోకి చూశాడు. దర్శకుడు ఓకే అన్నాడు గానీ, ఆ ఓకేలో ప్రాణం లేదు. ఆ షాటు సినిమాలో ఉంటుందా, కత్తెరపాలవుతుందా? ఆనాటి నుంచి వీపుగారికి తిన్నది ఒంటబట్టలేదు.

విడుదల రోజు మ్యాట్నీకి భార్యనీ బావమరిదినీ తీసుకెళ్ళాడు. బావమరిది బస్సుల మెకానిక్కు. కంటపడ్డ ప్రతిదానికీ రిపేరు చెబుతాడు.

తెరమీద హీరోగారు మొదటి మెట్టుమీద కాలుపెట్టారు. మరుక్షణం మేడమీద ఉన్నారు. మధ్య మెట్లు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. ఆయన చెయ్యెత్తితే చాలు, తగలకముందే రౌడీలు మర్యాదగా పడిపోతున్నారు.

"ఈ బండి తోసినా స్టార్టవదు బావా" అన్నాడు బావమరిది.

వీపుగారు చెప్పులు విడిచాడు, తొడుక్కున్నాడు. ముందుకు వంగాడు, వెనక్కి వాలాడు.

"ఏంటండీ ఆ కదలడం? సీట్లో చీమలున్నాయా?" అంది భార్య.

"వచ్చేస్తోంది."

"ఏది?"

"మేడ."

మేడ వచ్చింది. హీరోగారు లిఫ్టులో దిగిపోయారు. వీపుగారు మళ్ళీ చెప్పులు విడిచాడు. ఇంటర్వెల్ తర్వాత సగం హాలు ఖాళీ. మిగిలిన సగం ఏసీ కోసం కూర్చుంది.

ఆఖరి పోరాటంలో ఇంకో మేడ వచ్చింది. వీపు గాల్లోకి లేచింది.

"మీరే!" అంది భార్య.

వీపు నేలకు దిగింది, ముఖం ఇటు తిరిగింది. తొందరలోనో, ఏమరుపాటునో, అతికించాల్సిన ముఖం ఎవరూ అతికించలేదు. తెరనిండా వీపుగారే! నెరిసిన గడ్డం, తెరిచిన నోరు, నొప్పితో మెరిసే కళ్ళు. వెంటనే నల్లమీసంతో హీరోగారు ప్రత్యక్షమయ్యారు. హాలు గొల్లుమంది.

"దూకేసరికి తాతైపోయాడ్రా!"

"ఎవర్రా ఆ ముసలాడు? దారి తప్పొచ్చాడా?"

వీపుగారు సీట్లోకి కుంగిపోయాడు. మునిగే పడవకు ఆఖరి చిల్లు తన ముఖమేనా? బావమరిది ఏ రిపేరూ చెప్పలేదు.

బయటికి రాగానే ఫోను. దర్శకుడి సహాయకుడు.

"పొరపాటైపోయింది బాబాయ్, ఏమనుకోకండి. రేపు పొద్దుటాటకల్లా సరిచేసేస్తాం. మీ ముఖం ఇంకెక్కడా కనబడదు."

"మంచిది నాయనా" అని పెట్టేశాడు.

"ఏమిటట?" అంది భార్య.

"రేపు తీసేస్తారట."

ఆవిడ చరచరా టిక్కెట్ల కిటికీ దగ్గరికి నడిచింది. "తర్వాతి ఆటకు మూడివ్వు బాబూ."

లోపలి మనిషి తలెత్తి చూశాడు. "ఇప్పుడేగా బయటికొచ్చారు? పొద్దుట్నుంచీ డబ్బు వాపసడిగినవాళ్ళే గానీ, రెండోసారి చూస్తామన్నవాళ్ళు లేరమ్మా. ఒంట్లో బాగానే ఉందా?"

"అక్కా, నావల్ల కాదు" అన్నాడు బావమరిది.

"నువ్వు నోర్మూసుకుని రా."

వీపుగారు అటూ ఇటూ పచార్లు చేశాడు. "వద్దే. జనం నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నవ్వాలంటే చూడాలిగా?"

వీపుగారు గుమ్మం పక్క అద్దం ముందు ఒక్క క్షణం ఆగి, చేత్తో జుట్టు సరిచేసుకుని లోపలికి నడిచాడు.