ఏసీ కింది గోడ

ఖతర్‌లో చలికాలం ముగిసి విహారానికి వేసిన ఎడారి క్యాంపులు ఎత్తేశాక, వాటిలో వాడిన కారవాన్లు, లారీ మీద తరలించే డబ్బా గదులు, అమ్మకానికి వస్తాయి. అలాంటి ఒకదాన్ని పరీక్షించడానికి ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఉదయం అల్ ఖోర్ నుంచి బయలుదేరాను. కొనేది నేను కాదు. ఊరికి ఉత్తరాన ఉన్న ఒక మజ్రాలో, అంటే కూరగాయల తోటలో, పనిచేసే ముగ్గురు అందులో పడుకోవాలి. వారిలో పెద్దాయనకు రెండేళ్లుగా దగ్గు. ఇప్పుడు ఉంటున్న పాత కారవాన్ నిండా చెమ్మేననీ, ఆ దగ్గుకు అదే కారణమనీ ఆ ముగ్గురిలో తోట బాధ్యత చూసే జగిత్యాల మనిషి నమ్మకం. రెండో మాటకు ఆధారం లేదని అతనితో మొదటే చెప్పాను.

"ఆధారం మీరు దేవులాడుకోండ్రి సార్. మాకు ఎండిన గోడ దొరికితే సాలు," అన్నాడు.

అతను వారం వారం మా కాలనీకి ఆకుకూరలు తెచ్చేవాడు. నేను నిర్మాణ సామగ్రిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తానని అతనికి అలా తెలిసింది. తోట యజమాని, వాళ్ల మాటల్లో 'అర్బాబ్', అరబ్బు. ఇంజనీరు బాగుందంటే కొంటానని, లేకపోతే లేదని షరతు పెట్టాడట.

యార్డులో కారవాన్ తెల్లగా, కొత్త రంగు వాసనతో ఉంది. తేమ సంగతి అడిగితే అమ్మే మనిషి నవ్వాడు. "బారిష్ మాఫీ, పానీ కహాఁ సే, సాబ్?" వానే లేని చోట నీళ్లెక్కడివని అతని వాదన.

వినడానికి సబబుగానే ఉంది. కానీ ఇక్కడ గోడ తడవడానికి వాన అక్కర్లేదు. ఆగస్టులో ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారడం మాకందరికీ అనుభవమే. రాత్రింబవళ్లు ఏసీ నడిచే కారవాన్ గోడ కూడా అలాంటి అద్దమే. కాకపోతే దాని మీద పట్టిన నీరు కంటికి కనపడకుండా లోపలి చెక్కలోకి చేరుతుంది.

తేమ కొలిచే మీటరు సూదులను నాలుగు మూలల్లోనూ గుచ్చాను. పదకొండు, పన్నెండు శాతం. "సూఖా హై, సూఖా!" పొడిగా ఉందంటూ అతను చేతులు దులుపుకున్నాడు. నాకు తృప్తి కలగలేదు. కొన్ని వారాలుగా ఆ ఏసీ నడవలేదు. బయట ఎండుగాలి వీస్తోంది. ఆ అంకెలు ఆనాటి వాతావరణాన్ని చెబుతున్నాయి తప్ప గోడ గతాన్ని కాదు. ఏసీ కింద రెండు జానల మేర మాత్రం పూల కాగితం కొత్తగా అతికించి ఉంది. వేలి కణుపుతో తడితే మొద్దు శబ్దం. అనుమతి అడిగి అక్కడి స్క్రూ విప్పాను. సగం తుప్పే. స్క్రూడ్రైవర్ ఉడికిన కందలోకి దిగినట్టు చెక్కలోకి దిగింది. అక్కడ మీటరు ఇరవై ఏడు చూపింది; ఇరవై దాటితే చెక్క కుళ్లడం మొదలవుతుంది.

"కొనొద్దు," అన్నాను.

జగిత్యాల మనిషి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "మీరు వద్దంటే మా అర్బాబ్ మళ్ల చలికాలం దాక ఈ ముచ్చటే ఎత్తడు సార్. ఆగస్టంత ఆ పాతదాంట్లనే పండాలె."

"మిగతా గోడల లోపల ఎలా ఉందో నాకు తెలియదు. తెలియనిదాన్ని బాగుందని ఎలా చెప్పమంటారు?"

"బాగుందని చెప్పకుండ్రి. మాదాన్ని గూడ ఒక్కసారి సూసి, అప్పుడు ఏం చెప్తరో చెప్పుండ్రి."

మీటరు సంచిలో వేసుకుని అతనితో తోటకు బయలుదేరాను. ప్రయోగశాలలో మేము ప్రతి నమూనానూ ఒక ప్రమాణంతో పోలుస్తాం. ఆ అలవాటు కొద్దీ, ఆ కారవాన్‌ను ఎక్కడా లేని ఒక పొడి గదితో పోల్చాను. వాళ్లు నిజంగా పడుకుంటున్న గదితో పోల్చాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మజ్రాలో పాత కారవాన్ నేల అడుగు వేసిన చోటల్లా కుంగింది. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాడు.

"ఏం మిషిన్ సారూ అది? కరెంటోళ్ల మీటరా?"

"గోడలో తేమ ఎంతుందో చూపిస్తుందండీ."

"అయితె నా రొమ్ము మీద పెట్టుండ్రి. గోడకంటె నా లోపల్నే ఎక్కువుంటది." నవ్వు దగ్గుగా మారింది. అది ఆగేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.

"ముచ్చట్లు తర్వాత గని, గోలి ఏసుకున్నవా కాకా?" అన్నాడు జగిత్యాల మనిషి.

"గోలి గోడకెయ్యిరా. రోగం దానిది."

మీటరు తాను చూపగలిగిన చివరి అంకె దగ్గర ఆగిపోయింది. మంచం తల వైపు, పక్కన, నేల దగ్గర, ఎక్కడ గుచ్చినా అంతే.

యజమాని ఫోన్ చేశాడు. "ముహందిస్, జైన్? మూ జైన్?" ఇంజనీరూ, బాగుందా, బాగాలేదా అని. ఒక గోడ చెక్క మార్చాలనీ, మిగిలినవి విప్పి చూడలేదనీ నాకొచ్చిన అరబ్బీలో, హిందీలో చెప్పబోయాను. ఆయన ఓపికగానే విని మళ్లీ అదే అడిగాడు. "జైన్?"

"జైన్," అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో, చాలినంత కొలత లేకుండా నేను ఇచ్చిన ధ్రువీకరణ అదొక్కటే.

కారవాన్ మజ్రాకు వచ్చాక, రెండు శుక్రవారాలు ఏసీ కింది చెక్క కోసి కొత్తది బిగించాం. ఏసీ చుట్టూ సందులు పూడ్చాం. నీటి గొట్టాన్ని బయటికి వాలుగా తిప్పాం. మిగతా గోడలు కూడా విప్పుదామన్నాను. "అన్ని ఇప్పితె డబ్బనే మిగలదు సార్," అన్నాడు జగిత్యాల మనిషి. అదీ నిజమే.

ఆగస్టులో మీటరు తీసుకుని మళ్లీ వెళ్లాను. కొత్త చెక్క దగ్గర పదమూడు. ఎదురుగా, పెద్దాయన తల పెట్టుకునే మూలలో, ఇరవై రెండు. దగ్గు తగ్గిందని ఆయనే చెప్పాడు. నేను వినాలనుకున్నది అదేనని ఆయనకు తెలుసు. పైగా ఈలోపు మందు కూడా మారింది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పే మార్గం నాకు లేదు.

"ఎంతొచ్చింది సారూ?"

"ఇరవై రెండు."

"పాతదాంట్ల ఎంతుండె?"

"మీటరు చూపగలిగినంత."

ఆయన కొంచెం ఆలోచించాడు. "అయితె నయమే గద."

ఆయన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మిగతా ఇద్దరితో కలిసి మంచాన్ని ఆ మూల నుంచి తలుపు పక్కకు జరిపాను.