తడి ఆకు

నిన్న హిందూపురంలో మల్బరీ ఆకు మోపులతో ఒక ఆటో నన్ను రాసుకుంటూ పోయింది. తమ్ముడూ, చెల్లీ, ఆ పచ్చి వాసన మీకూ గుర్తుందా?

సెలవులొస్తే మనమందరం రొళ్ల దగ్గరి తోట ఇంటికి పోయేవాళ్లం. అవ్వ ఆడ తట్టల్లో మల్బరీ ఆకేసి పట్టుపురుగులు సాకేది. మన ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. ఏదైనా కడిగే తినాలని అయ్యవారు చెప్పినారని, ఒకరోజు ఆకంతా కడిగి పురుగులకు వేశాను. తడి ఆకు తిని అవి మూడు రోజుల్లో నల్లబడి చచ్చిపోయాయి.

"ఇది నీ బడి తెలివేనా మే? ఇంగ బడీ లేదు, ఏమీ లేదు!" అని నాయన నా మీదికొచ్చాడు.

"దాన్ని యాల అంటావురా? కడిగింది నేను. ముసలిదాన్ని, మతి తప్పింది," అంది అవ్వ.

ఆ తర్వాత నాయన అవ్వను పురుగుల గదిలోకి రానీయలేదు. ఆమె గడప బయటే కూర్చునేది. నేను నిజం చెప్పలేదు. సెలవులు కాగానే బడికి పోయాను.