పిరికి పిన్ని ఉద్యోగం

ఆమె భయపడితేనే ఒక సంస్థ నడుస్తుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఏకమై ఆ చెప్పినవాడికి వైద్యం చేయించి ఉండేవారు. ఆమెకు కుక్కర్ కూత భయం, లిఫ్టు భయం, బల్బు చుట్టూ తిరిగే పురుగు భయం. ఫోన్ మోగితే భయం. చాలాసేపు మోగకపోతే అంతకన్నా భయం. పెళ్లయిన కొత్తలో భర్త తుమ్మితే గోడకు అతుక్కుపోయేది. ఆయన మంచివాడు గనుక, ఆనాటి నుంచి "తుమ్ముతున్నానే" అని ముందుగా చెప్పి తుమ్మడం అలవాటు చేసుకున్నాడు. ముక్కు బిగబట్టి ఆ ఒక్క మాట అనడంలో ఆయన చూపే నేర్పు ఇరుగుపొరుగుకు వినోదం.

ఆయనకు వీధి మలుపులో జిరాక్సు, లామినేషన్ దుకాణం. కాగితం మీద నమ్మకం ఉన్నవాళ్లు కరువై గిరాకీ పడిపోయింది. చేతులు ఊరుకోక ఆయన ఇంట్లో కనబడిన ప్రతి కాగితాన్నీ లామినేట్ చేశాడు: కూతురి మార్కుల పత్రాలు, మందుల చీటీలు, చివరికి గోడ కేలండరు కూడా. కేలండరు నెల తిప్పడానికి లేకుండా పోయింది. ఇల్లు మాత్రం గడవాలి, కూతురి చదువు ఆగకూడదు. కాబట్టి ఆమె గుండె రాయి చేసుకుని పనిలోకి దిగింది. వీడియో గేములు తయారుచేసే ఒక కార్యాలయంలో బల్లలు తుడవడం, నేల తుడవడం. లిఫ్టు ఎక్కదు గనుక రోజూ చేతిలో బకెట్‌తో మెట్లెక్కేది.

అక్కడ అప్పుడు తయారవుతున్న ఆట ఇది. సూర్యుడికి ఎంతో దూరంలో చెడిపోయి ఆగిన ఒక అంతరిక్ష నౌక. సిబ్బందిలో ఒక్కరే మిగిలారు. ఆడేవాళ్లే ఆ ఒక్కరు. చేతిలో టార్చి, వీపున తరిగిపోతున్న ప్రాణవాయువు. గోడల మధ్య ఖాళీల్లో పాకుతూ ఒక కళ్లులేని జీవి తిరుగుతుంది. అది చప్పుడు విని వస్తుంది. దాని చెవిన పడకుండా, దొరికిన తుక్కుతో ఇంజను బాగుచేసుకుని బయటపడాలి. ఒకనాడు ఆమె బల్ల తుడుస్తుండగా, పక్కనున్న తెర మీద గోడ చీల్చుకుని ఆ జీవి బయటికి వచ్చింది. ఆమె పెట్టిన కేకకు అంతస్తు మొత్తం లేచి నిలబడింది. బకెట్ ఒకవైపు, తుడుపు కర్ర ఒకవైపు. ఆమె బల్ల కింద. భోజనాల వేళ దాకా బయటికి రాలేదు. ఆటకు రూపం గీసే అమ్మాయి వంగి, "పిన్నీ, అది బొమ్మే. నేనే గీశాను, నన్ను నమ్ము" అంటే, "అలాంటిది గీసినదానివి, నిన్నెలా నమ్మను తల్లీ" అంది.

మర్నాడు మేనేజరు ఆమెకు కుర్చీ వేయించాడు. మెత్తని రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకుని, చప్పుడు లేకుండా మనుషుల వెనక్కి వచ్చి నిలబడే మనిషి ఆయన. కోపం ఎరగడు, గొంతు పెంచడు. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసివేయదలచినప్పుడు కూడా చెవి దగ్గర, "ఒక్కసారి నా గదికి వస్తారా?" అని అతి మర్యాదగా అడుగుతాడు. ఆయన ఆమె మణికట్టుకు ఒక పట్టీ కట్టించాడు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే గోడ మీది ఎర్ర గీత అంత ఎత్తుకు లేస్తుంది. ఆమె పని ఆట ఆడటం, భయపడటం. గీత లేచిన చోటు ఆటలో ఉంటుంది. లేవని చోటును చెరిపి మళ్లీ రాస్తారు.

నియామక పత్రంలో ఒక షరతు ఉంది: "ఉద్యోగి పనివేళల్లో నిజాయితీగా భయపడవలెను, భయమును నటించుట దుష్ప్రవర్తనగా పరిగణింపబడును." భయపెట్టి చేయించుకున్న ఒప్పందం చెల్లదని చట్టం చదివినవారు ఎవరైనా చెబుతారు. భయపడతానని చేసుకున్న ఒప్పందం గురించి మాత్రం ఏ చట్టమూ నోరు విప్పలేదు. సంస్థ ఆ ఖాళీలోనే కుర్చీ వేసింది. ఇంకో షరతు కూడా ఉంది: ఉద్యోగం తాత్కాలికం, కారణం చూపకుండా ఎప్పుడైనా తీసివేయవచ్చు. దాన్ని ఎవరూ రెండోసారి చదవలేదు. అందరి పత్రాల్లోనూ అదే ఉంది.

మొదట్లో ఆమె పనితనం చూసి అంతస్తు అంతా మురిసిపోయింది. నౌకలో ఒక తలుపు కిర్రుమంటే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. అల్మారాలో దాక్కుంటే, తెర మీది మనిషితో పాటు తనూ ఊపిరి బిగబట్టేది. పిరికి పిన్ని అన్న పేరు అప్పుడే స్థిరపడింది. దాన్ని ఆమె బిరుదుగానే తీసుకుంది. ఇంట్లో భర్త వచ్చినవాళ్లందరితో, "మా ఆవిడ దడుచుకుంటే గానీ ఆట బయటికి పోదండీ" అని చెప్పుకునేవాడు. చిన్నప్పటి నుంచి ఏ గుణానికి చీవాట్లు తిన్నదో, ఆ గుణానికి జీతం వచ్చింది.

అయితే మనిషి దేనికైనా అలవాటు పడుతుంది. కొన్ని నెలలకు ఆ జీవి ఆమెకు రోజూ ఎదురయ్యే పక్కింటి మనిషిలా తోచసాగింది. అది గోడలోంచి తల పెడితే, "వచ్చావా నాయనా" అనేది. కళ్లు లేకుండా అంత నౌకలో ఒంటరిగా ఎలా తిరుగుతోందో అని జాలిపడేది. పాత వృత్తి చేతిలో ఉంది గనుక, ప్రాణవాయువు అయిపోతున్నా లెక్కచేయక, నౌకలో తెరిచి ఉన్న అల్మారాలన్నీ మూసుకుంటూ వెళ్లేది. ఒకసారి ఆ జీవి ఆమెను రెండుగా చీలుస్తుంటే ఆమె ఆవులించింది. గీతకు చీమ కుట్టినట్టైనా లేదు.

మేనేజరు వెనకనుంచి వచ్చి, చాలా బాధపడుతున్నవాడిలా అన్నాడు: "పిన్నిగారూ, ఈ మధ్య మీ భయంలో నాణ్యత తగ్గింది. ఈ వారం చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో ఆ అంతస్తులో అందరికీ తెలుసు. తుడుపు కర్ర కూడా ఇప్పుడు వేరే మనిషి చేతిలో ఉంది. వెనక్కి వెళ్లడానికి పాత పని లేదు. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కలిసి ఆమెకు భయం తెప్పించే పనిలో పడ్డారు. భర్త దుప్పటి కప్పుకుని తలుపు వెనక నిలబడ్డాడు. దుప్పటి కింద బయటికి వచ్చిన కాలివేళ్లు చూసి ఆమె, "గోళ్లు తీసుకోండి, ఎంత పెరిగాయో" అంది. ఆ మాటకు ఆయనే దడుచుకున్నాడు. కూతురు లిఫ్టు ఎక్కించింది. నాలుగంతస్తుల మెట్లకు అరిగిన మోకాళ్లకు లిఫ్టు ఎంత హాయో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఉన్న భయం ఒకటి అలా కూడా పోయింది.

ఆ వారం ఆఖరి రోజు ఆమె ఆడుతూ ఆడుతూ నౌకలోని స్నానాల గదిలోకి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. ఒక కొక్కేనికి తువ్వాలు వేలాడుతోంది, అంతే. అదే క్షణంలో నల్లని తెర అంచున ఆమెకు వెనక నిలబడిన మనిషి నీడ కనిపించింది. మెత్తని బూట్లు ఎప్పుడు వచ్చాయో వినబడలేదు. ఒక్కసారి గదికి రమ్మంటాడు, ఇక అయిపోయింది, అమ్మాయి చదువు ఆగిపోయింది అనుకుంది. గోడ మీద ఎర్ర గీత నిటారుగా లేచింది.

మేనేజరు ముఖం వెలిగిపోయింది. "తువ్వాలు" అన్నాడు.

పట్టీ ఎంత భయమో చెబుతుంది. దేనికి భయమో చెప్పదు. ఆ ప్రశ్న అడగాలని అంత చదువుకున్న అంతస్తులో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే జవాబు ప్రతివారికీ సొంత అనుభవం మీద తెలుసు. నౌక నిండా తువ్వాళ్లు వేలాడదీశారు. మేనేజరు ఫలితం చూడటానికి ప్రతిసారీ వచ్చి వెనకే నిలబడ్డాడు గనుక గీత ప్రతిసారీ లేచింది. ఒకసారి నీళ్ల గొట్టం దగ్గర లేచింది, గొట్టాలు పెంచారు. ఒకసారి ఖాళీ కప్పు దగ్గర లేచింది. కప్పుకు ప్రత్యేకంగా సంగీతం కట్టించారు. ఆ జీవి వచ్చే ఘట్టాలు ఒక్కొక్కటే కోసేశారు. నెల తిరిగేసరికి ఆ నౌక సూర్యుడికి ఎంతో దూరంలో ఆరిన బట్టలు, కడిగిన గిన్నెలు ఉన్న ఒక ఇల్లుగా తయారైంది.

జీవిని తీసేస్తే దాన్ని గీసిన అమ్మాయికి పనేముంది? ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర పిన్ని పక్కన కూర్చుంది.

"పిన్నీ, నా మీద ఒట్టేసి చెప్పు. తువ్వాలును చూస్తే నీకేమవుతుంది?"

"తువ్వాలు ఏం చేసింది తల్లీ, పాపం. ఆయన వెనకాల నిలబడతారు కదా."

అమ్మాయి తినడం ఆపేసింది. "నాకూ అంతే పిన్నీ" అని డబ్బా మూత పెట్టేసింది.

ఆ తర్వాత ఆ అమ్మాయి తన జీవిని మళ్లీ గీసింది. గోళ్లు తీసేసింది, కోరలు తీసేసింది, మెత్తని బూట్లు తొడిగింది. అది ఇప్పుడు గోడలు చీల్చదు, ఎవరినీ చంపదు. చప్పుడు లేకుండా వచ్చి ఆడేవాళ్ల వెనక నిలబడి ఊపిరి పీలుస్తుంది. చాలాసేపటి తర్వాత చెవి దగ్గర, "ఒక్కసారి నా గదికి వస్తారా?" అంటుంది. కార్యాలయంలో ఎవరితో ఆడించినా చెమటలు పట్టాయి. ఒకతను లేచి తన బల్ల సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేనేజరు మాత్రం ఆడి చూసి, "ఇందులో భయమేముంది, మర్యాదగానే పిలుస్తోందిగా" అన్నాడు. కానీ పిన్ని గీత పైకప్పుకు తగిలింది గనుక ఆయనకు అభ్యంతరం లేదు.

పై అంతస్తులో ఉండే యజమానులు ఆ గీత చూసి మెచ్చుకున్నారు. అంత బాగా భయపడే మనిషిని వేరే సంస్థ ఎగరేసుకుపోకుండా ఆమె ఉద్యోగం శాశ్వతం చేయమన్నారు. చివరి పరీక్ష రోజు ఉదయం చప్పట్ల మధ్య మేనేజరు పత్రం ఇచ్చాడు, ఆమె సంతకం చేసింది. భోజనం డబ్బా తెచ్చిన భర్త ఆ పత్రం చదివి, మరోసారి చదివి, దుకాణానికి పట్టుకెళ్లి, గంట తిరక్కుండానే తెచ్చి ఆమె సంచిలో పెట్టాడు.

మధ్యాహ్నం పరీక్ష. పైన యజమానులు తమ గదిలోనే గీత చూస్తున్నారు. తెర మీద ఆ జీవి వచ్చి వెనక నిలబడింది. కుర్చీ వెనక మేనేజరూ వచ్చి నిలబడ్డాడు. గీత పడుకునే ఉంది. పిన్నికి తన ఒళ్లు తనకే కొత్తగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక గుండె ఇంత తీరిగ్గా కొట్టుకోవడం ఆమె ఎరగదు.

"భయపడండి" అన్నాడు మేనేజరు నెమ్మదిగా.

"రావట్లేదు సార్. పొద్దున్నించీ చూస్తున్నాను."

"ఉదయం ఇచ్చిన కాగితం ఒకసారి ఇవ్వండి."

ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని చింపబోయాడు. అది వంగింది, చిరగలేదు. రెండు చేతులతో మెలిపెట్టాడు. జారి మళ్లీ చదునుగా నిలబడింది. మూల పట్టుకుని పంటితో కూడా ప్రయత్నించాడు. అంతస్తు మొత్తం చూస్తోంది.

"మావారు లామినేషన్ చేశారండీ" అంది పిన్ని, నొచ్చుకుంటూ.

కాగితం చిరిగినా చిరగకపోయినా, శాశ్వత ఉద్యోగిని తొలగించాలంటే ఆరోపణ చూపాలి, విచారణ జరపాలి. ఇక్కడి ఆరోపణ ఏమిటి? భయపడలేదు. దాన్ని నేరంగా రాసిపెట్టిన చట్టం ఇంకా ఎక్కడా పుట్టలేదు. లేకపోయినా అమలు జరపడంలో మాత్రం ఏ కార్యాలయమూ వెనకబడలేదు. మేనేజరుకు ఆ పాయింటు తట్టినట్టుంది, కాగితం వదిలేసి పట్టీ మీద అనుమానపడ్డాడు. పాడైందేమో చూద్దామని ఆమె చేతినుంచి విప్పి తన మణికట్టుకు కట్టుకున్నాడు. కుర్చీలో కూర్చుని జీవి వైపు చూశాడు. గీత కదలలేదు.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. పై అంతస్తు.

గోడ మీద గీత లేచి, పైకప్పు దాకా పోయి, మళ్లీ కింద నుంచి మొదలైంది. ఫోన్‌లో యజమాని గొంతు పక్కనున్న పిన్నికి కూడా వినబడింది: "ఒక్కసారి పైకి వస్తారా అని అడుగుదామనుకుంటున్నాం. ఇంతలో ఇదేమిటండీ, అద్భుతం. ఇంత భయం మేమెప్పుడూ చూడలేదు. ఆవిణ్ణి మాత్రం వదులుకోకండి."

మేనేజరు వదులుకోలేదు. వదులుకునే దారి లేదు. ఆ రోజు నుంచి ఆ కుర్చీలో ఆయనే కూర్చుంటున్నాడు. పట్టీ ఆయన చేతికే ఉంటుంది. పైవాళ్లకు గీత వెళ్తుంది, గీత కింద పిన్ని పేరు వెళ్తుంది. ఆమె పని ఆయన వెనక నిలబడటం. నిజం చెప్పాలంటే ఆమెకు ఇష్టంలేని పని. భయం ఎలా ఉంటుందో ఆమెకన్నా తెలిసినవాళ్లు లేరు, ఒకరికి దాన్ని పెట్టడానికి మనసొప్పదు. అందుకే ఏ కాస్త కదలవలసి వచ్చినా ముందుగా చెబుతుంది.

"సార్, దగ్గుతున్నాను" అంటుంది.

ఆమె ఇంకా దగ్గకముందే గీత లేస్తుంది.