ఖలందర్ తీసేసిన మూడు ఫైళ్లు

ప్రొద్దుటూరు ఖలందర్ ఒక్కసారి ఊదితే నలభై ఒక్క ఊళ్ల ఓటరు స్లిప్పులు ప్రింటరులోంచి పిట్టల్లా లేచి, పెన్న దాటి, ఎవరివి వాళ్ల గడపల మీద వాలాయి. నమ్మకపోతే జమ్మలమడుగులో ఎవరినైనా అడగండి. నలభై ఒకటేంది, అరవై ఊళ్లు అనేవాళ్లూ ఉన్నారు. ఒకాయనైతే తన స్లిప్పు చేతికొచ్చేసరికి ఇంకా నిప్పులా కాలుతోందని, దాంతోనే బీడీ ముట్టించానని ఒట్టేసి చెబుతాడు.

ఇంతటి ఘనుణ్ని చూద్దామని వెళ్లినవాళ్లకు నిరాశే. ఎండిన కందికట్టెలాంటి మనిషి, చెవి మీద స్క్రూడ్రైవరు, చొక్కా జేబులో సీడీలు. తండ్రి దూదేకి పరుపులు కుట్టేవాడు. కొడుక్కేమో దూది చూస్తేనే తుమ్ములు. డిగ్రీ రెండో ఏడు ఇంగ్లీషు పరీక్ష మధ్యలో లేచి బయటికొచ్చి, రేడియోలు, టేపురికార్డర్లు విప్పుకుంటూ చివరికి కంప్యూటర్ల దగ్గర తేలాడు. "ఆ పరీక్ష పేపరు ఇంకా నీకోసం ఆడే కూచోనుంటాది, పోయి రాసిరాపో" అని భార్య మాబున్ని ఇప్పటికీ దెప్పుతుంది. కానీ పనిలో మాత్రం దిట్ట. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో బిల్లు ప్రోగ్రాం మొరాయిస్తే అతను మెట్లెక్కుతున్న చప్పుడుకే అది లేచి నిలబడేదట. ఇది నేనన్న మాట కాదు, బట్టల అంగడి వాళ్లన్నదే.

జమ్మలమడుగులో ఒక పార్టీ ఆఫీసు కంప్యూటరు కూడా అతనే చూసేవాడు. ఆ రోజుల్లో అక్కడ ఏదైనా రెండుండాలి. ఈ వర్గానికొక టీ అంగడి, ఆ వర్గానికొకటి. ఈ వైపు గడ్డం గీసే మంగలి ఆ వైపు గడ్డం ముట్టడు. పార్టీలు మారినా వర్గాలు మారవు. ఖలందర్ ఈ వైపు ఆఫీసులో కంప్యూటరు మూత విప్పాడు కనక ఈ వైపు మనిషి. అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ కాదనలేదు.

ఆఫీసుకు కాపలా ఎర్రన్న. గొర్రెలు కాసే ఇంటివాడు. మంద భార్య సుంకులమ్మకు అప్పగించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకొని ఆఫీసు అరుగు మీద కూర్చునేవాడు. అతనికున్న చిక్కల్లా ఒక్కటే. చెల్లెల్ని మైలవరం పక్క ఊరికిచ్చారు. ఆ ఊరు అవతలి వర్గానిది. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే సంజీవయ్య నెలకోసారైనా ఆ మాట ఎత్తకుండా ఉండేవాడు కాదు. "ఏమప్పా ఎర్రన్నా, మీ బావ బాగుండాడా? మన ముచ్చట్లేమన్నా అడుగుతాండాడా?" ఎర్రన్న నవ్వి ఊరుకునేవాడు.

రెండువేల ఆరులో మండల ఎన్నికలొచ్చాయి. ఓటరు స్లిప్పులు అచ్చువేసే కొత్త ప్రోగ్రాం ఒకటి హైదరాబాదు నుంచి సీడీలో వచ్చింది. ఖలందర్ గురువారం దాన్ని ఎక్కించి, ఒక ఊరి స్లిప్పులు తీసి చూపించాడు. సంజీవయ్య ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి, తాళిబొట్టు చూసినట్టు చూశాడు.

మరునాడు శుక్రవారం పొద్దున శ్యామలమ్మ అనే ఆమె ప్రొద్దుటూరులో ఖలందర్ అంగడికొచ్చింది. కూతురి జాతకం పది కాపీలు కావాలంది. మధ్యాహ్నం పెళ్లివాళ్లు వస్తున్నారట. ఖలందర్ దగ్గర జాతకాల సీడీ ఉంది కానీ ప్రింటరు చెడిపోయి నాలుగు రోజులైంది. ఎట్లాగూ సర్వీసు పని మీద జమ్మలమడుగు పోతున్నాడు. ఆఫీసులో కొత్త లేజరు ప్రింటరు. అక్కడ తీసిస్తాను, అక్కడి బస్టాండులో నిలబడమన్నాడు. శ్యామలమ్మ అవతలి వర్గం పెద్దమనిషికి సొంత మరదలు. ఆ సంగతి ఖలందర్‌కు బాగా తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాడు. ఆమె ముఖం చూసి కాదనలేకపోయానని తర్వాత చెప్పుకున్నాడు గానీ, ఎవరికీ తెలియదులే అన్న ధీమా కూడా అందులో సగం ఉంది.

ఎర్రన్న తలుపు తీశాడు, టీ తెచ్చాడు. ప్రింటరులోంచి వస్తున్న కాగితం మీద ఊరి పేరు కూడబలుక్కొని చదివాడు.

"ఇది వాళ్లింటిది కదప్పా?"

"ఎవురితోనూ అనొద్దు ఎర్రన్నా. ఆడబిడ్డ పెండ్లి."

"నాకేం పని? నేను చూడ్నే లేదు."

పది కాపీలు తీసి, జాతకాల ప్రోగ్రాంను కంప్యూటరులోంచి తీసేసి, కుర్చీ కూడా మునుపున్నట్టే జరిపి, ఖలందర్ బస్టాండుకు నడిచాడు.

శనివారం తెల్లారి పని మొదలుపెట్టబోతే స్లిప్పుల ప్రోగ్రాం తెరుచుకోలేదు. వెర్షన్ సరిపోలేదని తెర మీద ఒక చిన్న డబ్బా మొహాన వచ్చి నిలబడింది. బుధవారం పోలింగు. ఆదివారం సాయంత్రానికి స్లిప్పులు ఊళ్లకు చేరాలి.

ఫోను అందుకొని ఖలందర్ మొదటి బస్సుకే వచ్చాడు. రాగానే రన్‌టైం సంగతి చూశాడు. కొన్ని ప్రోగ్రాములు వాటంతటవి నడవలేవు. బస్సుకు డ్రైవరు ఉన్నట్టు, నడిపించడానికి ఇంకోటి ఉండాలి. దాన్నే రన్‌టైం అంటారు. కొత్త బస్సులో పాత లారీ డ్రైవర్ని కూర్చోబెడితే గేరు ఎక్కడుందో తెలియక దిగిపోతాడు. ఇదీ అంతే. ఖలందర్ కొత్త రన్‌టైంను తీసేసి మళ్లీ ఎక్కించాడు. అదే డబ్బా. ఇంకోసారి ఎక్కించాడు. అదే డబ్బా. నాలుగోసారికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అప్పుడు ఆదేశాలు టైపుచేసే నల్ల తెర తెరిచి, అసలు పిలిస్తే పలికేది ఏ వెర్షనని కంప్యూటరునే అడిగాడు. తను ఎక్కించింది ఐదో వెర్షను. పలికింది మూడోది.

వెతికితే దొరికింది. విండోస్ ఫోల్డరులో, అన్నిటికంటే ముందు, పాత రన్‌టైం ఫైళ్లు మూడు కూర్చునున్నాయి. ఏ ప్రోగ్రాం పిలిచినా అవే ముందు పలుకుతున్నాయి. కొత్తది వెనకాల ఎంత ఉన్నా దాని దాకా పిలుపే పోవడం లేదు. ఫైళ్ల పక్కన తేదీ చూశాడు. శుక్రవారం, పదకొండున్నర.

జాతకాల సీడీ. తను పైన ప్రోగ్రాం మాత్రం తీశాడు. అది తనతో పాటు తెచ్చి దింపిన పాత డ్రైవరు అక్కడే ఉండిపోయాడు.

"ఎర్రన్న యాడ?" అన్నాడు ఖలందర్, వెనక్కి తిరక్కుండానే. పొద్దున్నుంచి అరుగు మీద అతను లేడన్న సంగతి అప్పుడే తట్టింది.

"తోటలో ఉండాడు," అన్నాడు సంజీవయ్య. "మనోళ్లు మాట్లాడతాండారు."

పెన్న ఒడ్డున ఈ వర్గం పెద్దాయన నిమ్మతోట. అక్కడ మాట్లాడటమంటే ఏమిటో జమ్మలమడుగులో అందరికీ తెలుసు.

"ఏందికి మామా?"

"తాళంచెవి ఎవురి దగ్గరుండాది? చెల్లెల్ని యాడిచ్చినారు? రెండు రెండ్లు కలిపితే ఎంతప్పా? గురువారం నడిచింది శనివారం నడవలేదంటే, నడమ ఎవురో చెయ్యి పెట్టినట్లే కదా. నువ్వే చెప్పు, చదువుకున్నోనివి."

ఖలందర్ నోరు తెరిచాడు. అవతలి వర్గం ఇంటి జాతకం ఈ ఆఫీసు ప్రింటరు మీద తీశానని చెబితే, తోటలో ఇంకో మనిషికి చోటు లేకపోదు. మాబున్ని గుర్తొచ్చింది. తెరిచిన నోటితో మూడు ఫైళ్లు తీసేశాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. ప్రింటరు కాగితాలు ఉమ్మడం మొదలుపెట్టింది.

సంజీవయ్య భుజం మీద చెయ్యేశాడు. "ఏం చేసినావప్పా?"

"పాత వెర్షను ముందరికొచ్చింది మామా. తీసేసినా."

"ఎవురు పెట్టినారు?"

"ఎవురూ పెట్టలేదు. ఒగోసారి దానంతట అదే వస్తాది."

"దానంతట అదే వచ్చేదానికి అదేమన్నా తుమ్మా?" సంజీవయ్య పకపకా నవ్వాడు. "నువ్వు మెత్తనోనివిలే. వాన్ని కాపాడాలని చూస్తాండావు."

చేతకాని ఆ అబద్ధం ఎర్రన్నను కాపాడకపోగా ఇంకా ముంచింది. మధ్యాహ్నం మూడింటికి ఎర్రన్నను ఆటోలో తెచ్చి ఇంటి ముందు దించారు. కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. వారం తిరక్కుండానే పులివెందుల దగ్గర ఒక చీనీతోటకు (బత్తాయినే అక్కడ చీనీ అంటారు) కాపలాగా పోయాడు. మంద అమ్మేశారు.

ఎన్నికల్లో ఈ వైపే గెలిచింది. ఊదితే స్లిప్పులొచ్చాయన్న కథ అప్పుడే పుట్టింది. ఖలందర్ బజారులో కనబడితే చాలు, టీ వచ్చేది. తాగలేక సగంలో వదిలేసేవాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చొని కెలికేవాడు. మాబున్ని రెండు నెలలు చూసి, ఒక రోజు కంచం లాగేసింది. "యాడికి పోవాల్నో నీకు తెలుసు. పోయిరా, అన్నం ఆన్నించి వచ్చినాక పెడతా" అంది. జరిగింది ఆమెకొక్కదానికే చెప్పాడు.

పులివెందుల బస్సెక్కాడు. చీనీతోట గేటు దగ్గర సుంకులమ్మ బిందె దించి, ఎగాదిగా చూసింది.

"ఇప్పుడొచ్చినావా నాయనా? పో, లోపలుండాడు."

ఎర్రన్న ఎడమచేత్తో పాదులు తవ్వుతున్నాడు. కుడిచెయ్యి పార మీద ఊరికే ఆనించుకున్నాడు. ఖలందర్ పలకరింపు లేకుండానే మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు జాతకం తీస్తి కదా అన్నా. దాంతోనే చెడింది. చెడగొట్టింది నేను."

ఎర్రన్న పార ఆపాడు. "అట్లనా? కాగితాలు తీస్తే మిషను చెడతాదని నాకు తెలీదు."

"నువ్వేందికి చెప్పలేదు వాళ్లకి? నేనొచ్చినానని?"

"చెప్పొద్దంటివి కదా. ఆడబిడ్డ పెండ్లంటివి."

ఖలందర్ వంగి పాదులోంచి గడ్డిపరక ఒకటి పీకాడు.

"మరి నువ్వేందికి చెప్పలా?" అన్నాడు ఎర్రన్న. గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే ఉంది.

"భయమేసింది."

"నాకూ ఏసింది," అని ఎర్రన్న మళ్లీ పార పట్టాడు. ఆ పాదు తవ్వడం అయ్యాక అన్నాడు, "నాకు చెప్తే ఏమొస్తాది? సంజీవయ్యకు చెప్పు. నా చెల్లెలు నన్ను చూసేదానికి వస్తే, 'నా మొగునికోసం తప్పుడు పని చేసినావా అన్నా' అని ఏడ్సిపోయింది."

ఖలందర్ మరునాడే జమ్మలమడుగు పోయాడు. ఆఫీసు నిండా మనుషులున్నారు. అందరి ముందే చెప్పాడు, శ్యామలమ్మ పేరు ఒక్కటి మింగి. తన సీడీ, తన పని, తన అబద్ధం. ఎర్రన్నకు ఇందులో ఏమీ తెలియదన్నాడు. ఏం చేస్తారో చేయండని నిలబడ్డాడు.

సంజీవయ్య లేచొచ్చి కావలించుకున్నాడు.

"చూసినారా అప్పా! గుణమంటే ఇది. ఆ కాపలోని తప్పు తన నెత్తినేసుకుంటాండాడు. యాడన్నా ఉండాడా ఇట్లాంటోడు?"

"లేదు మామా, నిజంగా నేనే..."

"ఊరుకోప్పా! గెలిచినాం, అయిపాయ. ఇంగ వాని ఊసెందుకు? ఓయ్, ఖలందరుకు టీ తేండి!"

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రానికి కథ ఇంకో మెట్టెక్కింది. ఊదితే స్లిప్పులు రావడమే కాదు, దొంగను కూడా క్షమించే మహానుభావుడయ్యాడు. ఎర్రన్న మాత్రం దొంగగానే మిగిలాడు, పులివెందులలోనే ఉండిపోయాడు.

ఇప్పటికీ ప్రొద్దుటూరులో టీ అంగడి ముందు ఎవరో ఒకరు ఊదిన కథ ఎత్తుకుంటారు. ఊళ్లు అరవై దాటి డెబ్బై అవుతాయి. ఖలందర్ అక్కడుంటే లెక్క సరిచేయడు. గ్లాసు కింద పెట్టి, అడిగినా అడక్కపోయినా ఒకే మాట చెబుతాడు:

"ఊదింది లేదు, ఏం లేదప్పా. నేను చెడగొట్టినదాన్ని నేనే తీసేసినా. ఎర్రన్నను కొట్టినాక తీసేసినా."